చేవ్రాలులేని ఇనుము

రాజమహేంద్రవరమునుండి రంపచోడవరము మీదుగా బయలుదేరినవారికి మారేడుమిల్లి చేరునప్పటికి మైదానపు గాలి వెనుకబడును. అచటినుండి చింతూరు వైపునకు పోవు ఘాటుదారి వెదురుపొదల నడుమ మలుపులు తిరుగుచుండును. సెలవుదినములలో వచ్చు విహారయాత్రికులు జలపాతములను చూతురు. పచ్చివెదురు బొంగులో కాల్చిన కోడిమాంసమును మెచ్చుకొందురు. ఆ బొంగును నఱికిన కత్తిని చూచువారు మాత్రము అరుదు.

చూడదగిన వస్తువే అది. మొనవైపు కొంచెము వంగిన అలుగు, అడవికఱ్ఱతో చేసిన పిడి, పిడి చీలకుండ దాని మెడకు బిగించిన ఇనుప పొన్ను. అంతకుమించి అలంకార మేమియు లేదు. కొండరెడ్డికి కత్తియు గొడ్డలియు లేక దినము గడవదు. పోడు నఱకుటకు, వెదురు చీల్చుటకు, జీలుగుచెట్టు గీయుటకు, దడి కట్టుటకు ఇనుమే ఆధారము. సంతలో కత్తి కొనవచ్చినవాడు నోటితో బేరమాడుటకు ముందు చేతితో బేరమాడును. అలుగును గోటిపై ఆనించి పదును చూచును. వ్రేలితో మీటి నాదము వినును. పిడి పట్టి ఊపి, బరువు ఏ వైపునకు లాగుచున్నదో తూచును. పట్టణములలో కళావస్తువులను పరీక్షించు పెద్దమనుష్యులు చేయునది ఇంతకంటె ఎక్కువ యేమియు కాదు.

ఏజెన్సీ ప్రాంతములలో ఆ ఇనుమును తరతరములుగ మలచువారు కొండకమ్మరులు. రాష్ట్రపు షెడ్యూల్డు తెగల పట్టికలో కమ్మరల పేరు కలదు. తెగ పేరు పట్టికకెక్కినది. మనిషి పేరు కత్తికెక్కలేదు. కత్తి ముక్కలై పోవువఱకు దానిని వాడినవాని కుమారుడు సైతము దానిని సాగగొట్టిన చేయి యెవరిదో చెప్పలేకపోవచ్చును. ఇది మన కొండలకు మాత్రమే సంబంధించిన లోపము కాదు. తెలుగుదేశమంతటను ఇనుము పని ఇట్లే సాగినది. అందుచేత మనకిది లోపముగ తోచదు. లోపముగ తోచవలెనన్నచో ఈ కత్తి ప్రక్కన మఱియొక దేశపు కత్తిని పెట్టి చూడవలెను.

అట్టి అవకాశము తెలుగువారికి హైదరాబాదులోనే కలదు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ ఆలీఖాను (1889–1949) కూర్చిన వస్తుసంచయము 1951 డిసెంబరు 16న మ్యూజియముగ ప్రారంభమై, 1968లో మూసీనది యొడ్డునగల ఇప్పటి భవనమునకు మాఱినది. అందు జపాను పింగాణి పాత్రలతోపాటు సమురాయి ఖడ్గములును ఉన్నవి. ఉపాధ్యాయులు పిల్లలను తీసికొనిపోయినపుడు ముసుగు రెబెకాను చూపుదురు. గంటలు కొట్టు గడియారము ముందు గంటసేపు నిలుపుదురు. తూర్పుదేశముల గదులు చేరునప్పటికి పిల్లల కాళ్ళు నొచ్చును, బస్సువేళ దగ్గఱపడును. ఆ తొందరలో సమురాయి ఖడ్గమును చూచినవారును దాని అలుగునే చూతురు. పిడికిని అలుగుకును నడుమనుండు చిన్న లోహపు బిళ్ళపై దృష్టి నిలువదు.

ఆ బిళ్ళనే జపానువారు త్సుబా అందురు. అరచేతిలో ఇముడునంత ఉండును. నడుమ అలుగు దూరుటకు కోలగా ఒక రంధ్రము. తఱచుగ దానికి ఇరువైపుల చిన్న రంధ్రములు. ఒరకు ప్రక్కన చెక్కియుంచుకొను చిన్నకత్తికి ఒక వైపుది దారి. జుట్టు సవరించుకొను సూది వంటి పరికరమునకు రెండవది దారి. పొడుచునపుడు చేయి పిడినుండి జారి అలుగుపైకి పోకుండ కాపాడుట, ఖడ్గపు బరువును చేతికి అనువుగ సమకూర్చుట దీని ప్రయోజనములు. విశేషమేమనగా, ఇది ఖడ్గమునకు శాశ్వతముగ అతికినది కాదు. పిడిలోనుండి అడ్డముగ దూర్చిన ఒక చిన్న వెదురుమేకు ఊడదీసినచో పిడి, బిళ్ళ, అలుగు వేఱువేఱుగ వచ్చును. సమురాయి ప్రాణమంతయు వ్రేలెడు వెదురుపై ఆధారపడినదన్నమాట. ఆ మేకును వారు మెకుగి అందురు. మన ‘మేకు’ మాటతో దానికి చుట్టరికము కలుపబోవు ఉత్సాహవంతులుందురు కావున ముందే చెప్పుట మంచిది: ‘మె’ అనగా కన్ను, ‘కుగి’ అనగా మేకు. ధ్వనిసామ్యము కాకతాళీయము.

బిళ్ళ విడివడి వచ్చునది కాబట్టియే దానికి ప్రత్యేక జీవితము లభించినది. ఒకే అలుగునకు ఋతువును బట్టి, కొలువును బట్టి, యజమాని మనసును బట్టి బిళ్ళ మార్చుకొనవచ్చును. పూర్వము దానిని కవచములు చేయువారును ఖడ్గములు చేయువారును తామే ఇనుముతో సాదాగ కొట్టి యిచ్చెడివారు. వానిపై పేర్లు లేవు. 1603 నుండి 1868 వఱకు తోకుగవా వంశపు పాలనలో దేశమున చాలకాలము యుద్ధములు లేకపోయెను. ఖడ్గము పోరాటపు పనిముట్టుగ కంటె హోదాకు గుర్తుగ నడుమున వ్రేలాడెను. కత్తికి పని తగ్గినకొలది బిళ్ళకు పని హెచ్చెను. దానికొఱకే బ్రదుకు కమ్మరులు, చెక్కడపువారు, వారి వంశములు, శిష్యశాఖలు వెలసెను. శాంతికాలపు తీరికలోనే ఈ యుద్ధపరికరము శిల్పమైనది.

ఆ శిల్పమున ఒక తెఱగు లోహమును తీసివేయుట. ఇనుపబిళ్ళలో కొంతభాగము ఆకురాయితోను సన్నని ఱంపముతోను కోసివేయగా మిగిలిన ఖాళీయే బొమ్మ యగును. ఎగురు బాతు, విచ్చిన రేగుపూవు, గడ్డిలో సగము మునిగిన చంద్రుడు: ఇవన్నియు ఇనుము లేనిచోట కనబడును. వేఱొక తెఱగు లోహముపై లోహమును పొదుగుట. ఇనుప తలమును ఉలితో నిలువు అడ్డము సన్నగ గీయుదురు. ఆ గీతల గరుకుపై బంగారురేకును పెట్టి కొట్టగా రేకు గరుకును కఱచుకొని నిలుచును. గీతలు గుడ్డనేతవలె కనబడును కావున జపానువారు ఈ పనికి ‘గుడ్డకన్ను’ అను నర్థము వచ్చు నునొమె అను పేరు పెట్టిరి. సరిగ ఈ విధానముననే మన దేశపు కోఫ్త్‌గారి పనివారు ఖడ్గముల పిడులపైన, డాళ్ళపైన బంగారుతీగను ఒత్తెడివారు.

వన్నెల విషయమున వారి నేర్పు మఱియు చిత్రమైనది. రాగిలో నూటికి రెండు మొదలు అయిదు పాళ్ళవఱకు బంగారము కలిపిన లోహము వారికి షకుదో. చూచుటకు మామూలు రాగివలె నుండు ఆ లోహమును, తురిమిన ముల్లంగి రసములో ముంచి, రాగి లవణముల ద్రావకములో మరగించగా కాకిఱెక్కవలె నీలి నిగ్గుగల నలుపు వచ్చును. బంగారము వేసినది పసుపుకొఱకు కాదు, నలుపుకొఱకు! రాగిలో వెండి కలిపిన మఱియొక లోహమునకు షిబుయిచి అని పేరు. ‘నాలుగింట ఒకటి’ అని దాని యర్థము. అది అదే ద్రావకములో వానమబ్బు వన్నె తిరుగును. నల్లని షకుదో తలమును ఉలిమొనతో పోటుప్రక్క పోటు వేసి, చేపగ్రుడ్లు పఱచినట్లు సన్నని గింజలతో నింపుదురు. ఒక్క పోటు తప్పినను వరుస చెడును. కన్ను చెదరక ఆ వరుసలు నడిపినవాడు తన పేరు వ్రాసికొన్నచో తప్పేమి?

బీదరు పనివారు ఈ రహస్యమునకు దగ్గఱి చుట్టములు. తుత్తునాగము ఎక్కువగ, రాగి తక్కువగ కలిపి పోతపోసిన పాత్రపై వెండితీగ పొదిగి, బీదరు కోటలోని పాతమట్టిని నవాసాగరముతో కలిపి పూయుదురు. పాత్ర నల్లబడును, వెండి తెల్లగనే నిలుచును. ఒకరికి ముల్లంగి, ఒకరికి కోటమన్ను. ఒక లోహమును నలుపుచేసి మఱియొకదానిని విడిచిపెట్టు రసాయనమును ఇరువురును పుస్తకములలో చదివి నేర్చుకొన్నవారు కారు. బీదరుపనికి ఈ మధ్య కొంత అదృష్టము పట్టినది. ఆ పనిలో సిద్ధహస్తుడైన షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ పురస్కారము లభించినది. శతాబ్దముల తరబడి పనివాని పేరు లేక ఊరి పేరుతోనే చెలామణి యైన కళలో ఒక మనిషి పేరు దేశమంతటికి వినబడినది.

త్సుబాపై పేరుంచిన తొలితరపు ప్రసిద్ధులలో నొబుయియె, కనెయియె అనువారు ముఖ్యులు. కనెయియె ఇనుపబిళ్ళపై కొండలు, పడవలు, బాటసారులు గల చిత్రములను మలచినవాడు. అతని బిళ్ళలపై చేవ్రాలు ఇట్లుండును: యమాషిరో దేశము, ఫుషిమి నివాసి, కనెయియె. బిరుదములు లేవు, ప్రభువు పేరు లేదు, దేవతాస్తుతి లేదు. రాష్ట్రము, ఊరు, పేరు. బిళ్ళ ఖడ్గమున ఉన్నంతకాలము ఆ అక్షరములలో కొంతభాగము పిడి అంచున మఱుగుపడియే యుండును. ఎవరు చూచినను చూడకున్నను చెక్కవలెనను పట్టుదల వారిది.

చేవ్రాలు ఉన్నచోట దొంగచేవ్రాలును ఉండక తప్పదు. నొబుయియె పేరు పెట్టుకొన్న బిళ్ళలలో అతడు కలలోనైన ఎఱుగనివి యెన్నియో కలవని పరిశోధకులు చెప్పుదురు. పేరునకు వెల వచ్చినపుడు అట్లే జరుగును. మన ఇనుమున కూటచేవ్రాళ్ళు లేవు. అందుకు గర్వింపబోవువారు, అసలు చేవ్రాలే లేదను సంగతి మఱవరాదు.

ఇక మన ఇనుము కథ వినవలెను. అది చిన్న కథ కాదు. తెలంగాణమున నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మూసలలో ఇనుమును కరగించి ఉక్కు తీసెడివారు. మూసలో ఇనుప తునకలు వేసి మట్టితో మూతవేసి, తిత్తులు ఆడించుచు గంటల తరబడి కాచి, మెల్లగ చల్లారనిచ్చి, పగులగొట్టగా ఉక్కుముద్ద వచ్చెడిది. యూరపు శాస్త్రజ్ఞులు ఆశ్చర్యముతో పరీక్షించిన ‘వూట్జ్’ అను మాట మన ‘ఉక్కు’, కన్నడపు ‘ఉక్కు’ మాటల వికారమే. ఆ ముద్దలు పారశీకమునకు పోయి, అచట సాగగొట్టబడి, నీటియలల వంటి చారలుగల ఖడ్గములయ్యెను. 19వ శతాబ్దారంభమున కోనసముద్రపు పనిని స్వయముగ చూచిన వాయిసీ అను సర్వే శాస్త్రజ్ఞుని వర్ణనము 1832లో అచ్చుపడినది. ఉక్కు కొనుటకై ఇస్ఫహాను నుండి వచ్చిన వర్తకుని ప్రస్తావన అందు కలదు. ఇస్ఫహానులో తయారైన ఖడ్గములపై అసదుల్లా అను కమ్మరి పేరు బంగారు పొదుగుతో మెఱయును. కొన్నవాడు తెలియును, కొట్టినవాడు తెలియును, కరగించినవాడు తెలియడు.

ఉక్కు పడమటికే కాదు, తూర్పునకును పోయి యుండవచ్చును. తోకుగవా ఇయెయసు కొలువున ఖడ్గములు చేసిన ఎచిజెన్ యసుత్సుగు తన ఖడ్గముల మూలమున ‘నంబన్ ఇనుముతో’ అని చెక్కెను. నంబన్ అనగా దక్షిణపు పరదేశీయులది. పోర్చుగీసు, డచ్చి ఓడలపై వచ్చిన ఆ ఇనుము హిందూదేశపు ఉక్కే అని పలువురు పండితుల ఊహ. ఊహను ఊహగనే ఉంచుదము. సందేహము లేనిది మఱియొకటి కలదు: 17వ శతాబ్దమున డచ్చివారి ఓడలు నాగసాకి నుండి జపాను రాగిని కోరమండల తీరమునకు తెచ్చి అమ్మెడివి, ఈ తీరపు అద్దకపు బట్టలు జపాను చేరి ‘సరసా’ అను పేర మన్నన పొందెడివి. ఆ దేశపు రాగి మన కంచరి యింటికి వచ్చినది, మన కలంకారి వారి పేటికలలోనికి పోయినది. ఉభయులకును ఒకరి నొకరు చూచుకొను యోగము మాత్రము లేకపోయినది.

వీరి దారులు రెండును ఒకే దశాబ్దములో ఒకే విధమైన అడ్డుకట్టకు తగిలినవి. ఉపాధ్యాయులు తారీఖులను పిల్లలచేత వల్లెవేయింతురు కాని తారీఖులను ప్రక్కప్రక్కన పెట్టి చూపువారు తక్కువ. 1876 మార్చి 28న జపాను ప్రభుత్వము ఖడ్గము ధరించి వీథిలో తిరుగుటను నిషేధించెను; సైనికులకు, పోలీసులకు, కొన్ని ఉత్సవవేషములకు మాత్రము మినహాయింపు. 1878లో లిట్టన్ ప్రభువు హయాములో హిందూదేశపు ఆయుధముల చట్టము వచ్చెను. ఆ చట్టపు నిర్వచనమున తుపాకులు, ఖడ్గములు, బల్లెములే కాదు, విల్లంబులును ఆయుధములే. ఆయుధముల భాగములును ఆయుధములే. అనగా ఆ నిర్వచనము ప్రకారము త్సుబా వంటి బిళ్ళయును ఆయుధమే కావలెను! అనుమతి లేనిదే చేయరాదు, అమ్మరాదు.

రెండుచోట్లను ఇంచుమించు వెంటనే నెత్తురు చిందినది. జపానులో కుమామోతో పట్టణమున 1876 అక్టోబరులో ఇంచుమించు 170 మంది సమురాయిలు ఖడ్గనిషేధమును మఱికొన్ని మార్పులను సహింపలేక తిరుగబడి, తుపాకి ముట్టమని శపథము పట్టి, ఖడ్గములతోనే సైనికశిబిరముపై పడి నశించిరి. ఆ కుమామోతోయే పూర్వపు హిగో రాజ్యమునకు ముఖ్యపట్టణము. తేనీటి గోష్ఠులలో ప్రసిద్ధుడైన హొసోకవా తదాఒకి ఆదరణమున పెరిగిన హిగో త్సుబాలకు పుట్టినిల్లు. ఇటు మన రంపదేశమున 1879 మార్చిలో పితూరీ చెలరేగెను. దానికి కారణము ఆయుధముల చట్టము కాదు. జీలుగుకల్లుపై చిగురుపన్ను, క్రొత్త అబ్కారీ కట్టుబాట్లు, మన్సబుదారు బలవంతపు వసూళ్ళు, మైదానపు వర్తకుల వ్యాజ్యములు కొండవారిని విసిగించినవి. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య నాయకులైరి. అయినను ఒక మాట గమనింపదగును: చెట్టు గీయు కత్తి ఫలముపైననే పన్ను పడెను; ఆ కత్తిపట్టిన చేయియే తిరుగబడెను. 1880 నాటికి సర్కారు సేనలు దానిని అణచివేసెను.

ఇంతవఱకు రెండు కథలును జోడుగుఱ్ఱములవలె నడచినవి. ఇచట విడిపోవుచున్నవి.

జపానులో బిళ్ళలు చేయువారి బ్రదుకు ఒక్కసారిగ కూలెను. హిగో శాఖలో చివరి మేటి యనదగిన కమియొషి రకుజు తన కళకు పనిలేని దినములను కన్నులార చూచి పోయెను. తండ్రితాతల ఖడ్గముల నుండి ఊడదీసిన బిళ్ళలను విదేశీయులు గంపగుత్తగ కొనిపోయిరి. లండను, బోస్టను మ్యూజియములు వానితో నిండెను. కనుక జపాను తన కళను పువ్వులలో పెట్టి కాపాడెనని అనుకొనుట పొరపాటు. అయితే ఒక తలుపు తెఱచియుండెను. క్యోటోలో 1828లో పుట్టి బిళ్ళల చెక్కడమున అగ్రగణ్యుడైన కానో నత్సువోను ప్రభుత్వము పిలిచి క్రొత్త నాణెములకు నమూనాలు చెక్కించెను. 1890లో టోక్యో లలితకళాపాఠశాలలో ఆచార్యునిగ నియమించెను. చక్రవర్తి కుటుంబపు ఆస్థానశిల్పులలో ఒకనిగ గౌరవించెను. కొలిమిప్రక్క కూర్చున్నవాడు నల్లబల్లప్రక్క నిలిచెను. ఖడ్గము పోయినను ఉలి నిలిచినది. బిళ్ళలు చేసిన చేతులు పూలకుండీలు, పెట్టెలు, పతకములు చేసినవి. 1950లో చేసిన సాంస్కృతిక సంపద రక్షణచట్టము క్రింద, 1955 నుండి, ఆ దేశము వస్తువులనే కాక నేర్పుగల మనుష్యులను సైతము పేరుపేరున జాతిసంపదగ గుర్తించుచున్నది.

కానో నత్సువోను పిలుచుట ఎట్లు సాధ్యమైనది? ఆయన పేరు తెలియును కనుక. ఆయన గురువెవరో, ఏ శాఖవాడో, ఏ బిళ్ళ ఏ యేట చేసెనో బిళ్ళలే చెప్పును కనుక. కోనసముద్రములో మూసలు చల్లారిన దినమున ఒక కళాపాఠశాల వానిని పిలువదలచినను ఎవరి పేర ఉత్తరము వ్రాయవలెను? యూరపు కర్మాగారముల చౌక ఉక్కు వచ్చి పడినది, అడవులపై సర్కారు ఆంక్షలు వచ్చి బొగ్గు ప్రియమైనది. ఈ కారణములను చరిత్రకారులు చెప్పుదురు, అవి నిజములే. కాని జపానులోను చౌకసరుకు దిగినది. కళ యంతరించుటకు కారణములు అన్నిచోట్ల నుండును. దానిని ఇంకొక పనికి మళ్ళించుటకు మాత్రము పేరు తెలిసిన మనిషి కావలెను.

ఈ కొండలలో చేవ్రాలు విలువ తెలిసినవాడు ఒకడు లేకపోలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై అల్లూరి సీతారామరాజు దాడిచేసి తుపాకులను పట్టుకొనిపోయెను. తీసికొన్న ఆయుధముల లెక్కను ఠాణా పుస్తకములోనే వ్రాసి చేవ్రాలు చేసి మఱి పోయెనని ప్రసిద్ధి. దొంగకు చేవ్రాలు అక్కఱలేదు. తన పని తనదని చెప్పగలవానికే కావలెను. ఆ చేవ్రాలు వలన ఆ తుపాకులు నేటికిని చరిత్రలో ఉన్నవి. అదే పోరాటమున కొండవారి భుజములపై నున్న విండ్లకు ములుకులు సాగగొట్టిన కమ్మరులు ఏ పుస్తకములోను లేరు.

ఇప్పుడు సంతలకు కర్మాగారపు కత్తులు వచ్చుచున్నవి. అవి నునుపుగ నుండును. వానిపై కంపెనీ ముద్రయుండును. హాస్యమేమనగా, మనిషి పేరునకు దొరకని చోటు ముద్రకు దొరికినది. మన యూళ్ళ కొలుములలో తఱచుగ కాలునది పాతలారీల కమాను పట్టీలే; ఆ పట్టీతో చేసిన కత్తి కర్మాగారపు కత్తికంటె పదును నిలుపుకొనునని వాడువారి మాట. ఇది ఓడిపోయిన కళ కాదు, ఒదిగిపోయిన కళ.

తెలుగు చెప్పు ఉపాధ్యాయునకు ఇందు స్వప్రయోజనమును కలదు. కొలిమి, తిత్తి, దాగలి, సమ్మెట, పట్టకారు, ఆకురాయి, మూస, పొన్ను: ఈ మాటలలో ఎన్ని నేటి పదవతరగతి విద్యార్థికి తెలియును? భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశమును ఆరంభించినపుడు 1962లో వ్యవసాయపదములు, 1971లో చేనేతపదములు సంపుటములుగ వెలువడినవి. ఊరూరు తిరిగి పనివారి నోటినుండి మాటలు సేకరించిన ఆ కృషి తెలుగువారు గర్వింపదగినది. అట్టి పని పండితులే చేయవలెనను నియమము లేదు. వ్యాకరణము తెలియని పిల్లవాడును ‘తాతా, దీనిని ఏమందురు?’ అని అడుగగలడు. కొండకమ్మరి నోట ఆ వస్తువులకే వేఱు మాటలుండవచ్చును. అవి యింకను కాగితమునకెక్కవలసియున్నవి.

దసరాలో ఆయుధపూజనాడు ఇంటనున్న కత్తికి, కొడవలికి, బడిలోని కుట్టుమిషనుకు సైతము పసుపు కుంకుమలు పెట్టుదురు. ఆ దినమునకు ముందు ఒక పూట ఏ పాఠశాలవారైనను తమ యూరి కొలిమికడకు పోయి రావచ్చును. ఏజెన్సీలోని ఆశ్రమపాఠశాలల పిల్లలకు ఇది మఱియు సులభము. వారిలో కొందఱు కమ్మరుల బిడ్డలే కావచ్చును, తమ తండ్రి పని పాఠ్యాంశమగునని వారికి తోచియుండదు. రెండురూపాయల విలువచేయని గోరంత ఇనుపతునకనైనను కమ్మరి ఎట్లు పట్టుకొనునో, ఏ యెఱుపు వద్ద సమ్మెట వేయునో, ఏ వన్నె చూచి నీట ముంచునో వ్రాసికొనవలెను. లోహపు వన్నెలకు ఆయన వాడు మాటలను ఆయన పలికినట్లే వ్రాసికొనవలెను, దిద్దరాదు. పుటకు పైభాగమున కనెయియె ఇనుముపై చెక్కిన వరుసలోనే మూడు సంగతులు నింపవలెను: ఏ సీమ, ఏ యూరు, ఏమి పేరు. పేరు అడిగినపుడు కమ్మరి మొదట కులము పేరు చెప్పవచ్చును. మరల అడుగవలెను.